స్పాంజి బిళ్ళ, లోహపు రేకు: పాత కంప్యూటర్ల మీటల కథ

1983 జనవరి 19వ తేదీన అమెరికాలోని ఆపిల్ కంపెనీ 'లీసా' అనే కంప్యూటరును ప్రకటించినది. దాని వెల 9,995 డాలర్లు. తెర మీద బొమ్మలు, కిటికీలు, చేతి క్రింద 'మౌస్' - నేడు ప్రతి విద్యార్థీ ఎరిగిన ఈ హంగులను కార్యాలయపు బల్ల మీదికి అమ్మకపు సరుకుగా తెచ్చిన తొలి యంత్రాలలో అది ఒకటి. వ్యాపారరీత్యా మాత్రం లీసా నెగ్గలేదు. 1989లో అమ్ముడుపోని లీసాలను, ఇంచుమించు 2,700 యంత్రాలను, యూటా రాష్ట్రంలోని లోగన్ పట్టణపు చెత్తగుంటలో పూడ్చివేశారు. మిగిలినవాటిలో కొన్ని మ్యూజియములకు, కొన్ని పాత యంత్రాలంటే మక్కువగలవారి ఇండ్లకు చేరినవి. సరిగా నలభై ఏండ్ల తరువాత, 2023 జనవరిలో, కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఆపిల్ కంపెనీ అనుమతితో లీసా ప్రోగ్రాముల మూలప్రతిని అందరికీ అందుబాటులో పెట్టినది. పొడవైన ఆ ప్రతిని ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చును.

అయితే ఆ ప్రోగ్రాములను అసలు యంత్రం మీదనే నడిపి చూద్దామని కూర్చున్నవారికి ఒక విచిత్రమైన అనుభవం ఎదురవుతూ ఉంటుంది. తెర వెలుగుతుంది, మౌస్ కదులుతుంది, కాని మీట నొక్కితే అక్షరం పడదు. గట్టిగా నొక్కినా పడదు. తప్పు ప్రాసెసరులో లేదు, తెరలో లేదు, తీగెలలో లేదు. ప్రతి మీట అడుగునా రూపాయి బిళ్ళకన్న చిన్నదైన ఒక స్పాంజి ముక్క ఉన్నది, తప్పంతా దానిదే. వేల డాలర్ల యంత్రంలో అన్నిటికన్న చౌకైన ఆ ముక్క అన్నిటికన్న ముందు చచ్చిపోయినది. ఈ గతి లీసా ఒక్కదానిదే కాదు. 1970, 1980 దశకాలలో తయారైన అనేక కంప్యూటర్ల కీబోర్డులు ఇదే విధంగా మూగవోయినవి. ఈ ముక్క అక్కడికి ఎట్లా వచ్చినది, అది చేసే పని ఏమిటి, ఎందుకు చెడినది, దానికి బదులు ఏమి పెడుతున్నారు అన్నవి తెలిసికోదగిన విషయాలు.

మీట చేయవలసిన పని చూడబోతే చాల చిన్నది. వ్రేలు నొక్కినదా, లేదా అన్న ఒక్క సంగతి యంత్రానికి తెలపాలి. టైపు మిషనులో ఈ చిక్కే లేదు. షోల్స్, అతని సహచరులు 1868లో పేటెంటు పొంది, 1874లో రెమింగ్టన్ కంపెనీ ద్వారా అమ్మకానికి వచ్చిన ఆ యంత్రంలో వ్రేలి బలమే అక్షరపు అచ్చును కాగితం మీదికి కొట్టేది. టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు పరీక్షలకు తయారైనవారి చిటికెన వ్రేళ్ళకు ఆ బలం ఎంతో జ్ఞాపకం ఉండకపోదు. కంప్యూటరుకు బలం అవసరం లేదు, వార్త చాలును. వార్త పంపడానికి అందరికీ తోచే మార్గం ఒకటే: రెండు లోహపు ముక్కలను తాకించి, విద్యుత్ వలయాన్ని పూర్తిచేయడం. గోడ మీద దీపపు స్విచ్చి చేసేది ఇదే గదా!

కాని దీపపు స్విచ్చి రోజుకు పదిసార్లు పనిచేస్తే మీట రోజుకు వేలసార్లు పనిచేయాలి. లోహాన్ని లోహం తాకినప్పుడు మొదటి తాకిడికే అవి స్థిరంగా కలిసికొనవు. నేల మీద పడిన బంతివలె కొన్ని మిల్లీసెకండ్లపాటు ఎగిరి పడుతూ ఉంటవి. మనిషికి ఇది తెలియదు. సెకనుకు లక్షలసార్లు లెక్కించే యంత్రానికి మాత్రం ఒక్క నొక్కుడు నాలుగైదు నొక్కుళ్ళుగా కనబడుతుంది. 'క' ఒకటి కొడితే మూడు పడవచ్చును. ఇంతేకాక, లోహం గాలిలో ఆక్సీకరణం చెంది మసిబారుతుంది. కంప్యూటరులో తిరిగే కొద్ది వోల్టుల విద్యుత్తు ఆ మసిపొరను చీల్చుకొని పోలేదు. అందువల్ల మేలురకం మీటలలో తాకే చోట బంగారం వాడేవారు. 1971 వరకు ఔన్సుకు అధికారికంగా 35 డాలర్లుగా ఉండిన బంగారం ధర 1980 జనవరిలో 850 డాలర్లు దాటినది. బంగారంతో పనిలేని మీట అంటే ఆ రోజుల తయారీదారులకు ఎంత ఆకర్షణో వేరే చెప్పనక్కరలేదు.

లోహాన్ని లోహం తాకకుండానే వార్త పంపే ఉపాయాలను అనేకులు వెదికారు. గాజుగొట్టంలో మూసిపెట్టిన రెండు సన్నని రేకులను అయస్కాంతంతో కలిపే 'రీడ్ స్విచ్చి'ని బెల్ పరిశోధనాలయంలో 1936లోనే కనిపెట్టారు. దీనిలో లోహాలు తాకుతవి కాని గాలి సోకదు. అయస్కాంతాన్ని సిలికాను ముక్క దగ్గరికి తెచ్చి, 1879లో హాల్ కనుగొన్న ఫలితాన్ని మీటకు వాడుకోవడం 1960 దశకం చివర హనీవెల్ కంపెనీకి చెందిన మైక్రోస్విచ్ శాఖ సాధించినది. ఆ మీటలు ఇప్పటికీ పనిచేస్తున్నవి. అయితే ప్రతి మీటకూ ఒక అయస్కాంతం, ఒక సిలికాను వలయం అంటే ఖర్చు తక్కువ కాదు.

ఖర్చు తక్కువ ఉపాయం పాఠశాల భౌతికశాస్త్రంలోనే ఉన్నది. 1745, 1746 సంవత్సరాలలో జర్మనీలో క్లైస్ట్, హాలెండులోని లైడెన్ పట్టణంలో ముషెన్‌బ్రూక్ వేరువేరుగా కనుగొన్న లైడెన్ జాడీ విద్యార్థులకు తెలిసినదే. రెండు వాహకాల నడుమ ఒక రోధకం ఉంటే అది కెపాసిటరు. పలకల వైశాల్యం పెరిగితే కెపాసిటీ పెరుగుతుంది. పలకల మధ్య దూరం పెరిగితే తగ్గుతుంది. ఈ రెండవ వాక్యమే మీటకు ఆధారం. పలకలలో ఒకదానిని వ్రేలు కదిలించగలిగితే, దూరంలోని మార్పు కెపాసిటీలోని మార్పుగా బయటపడుతుంది. స్థిరమైన విద్యుత్తును కెపాసిటరు పోనీయదు. క్షణక్షణం మారే విద్యుత్ స్పందాలను మాత్రం, కెపాసిటీ ఎంత ఎక్కువైతే అంత ధారాళంగా పోనిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు. కదిలే పలకకు తీగె కట్టాలి గదా. రోజుకు వేలసార్లు కదిలే తీగె ఎన్నాళ్ళు నిలుస్తుంది? దీనికి చేసిన పరిష్కారం బహు చక్కనిది. కదిలే పలకకు అసలు తీగే కట్టలేదు. క్రింద కదలని అట్ట మీద ప్రతి మీటకూ రెండు రాగి పలకలు, పక్కపక్కన, ఒక వృత్తాన్ని నడిమికి కోసినట్లు అమర్చారు. పై నుంచి దిగే రేకు ఈ రెంటినీ ఒకేసారి కప్పుతుంది. మొదటి రాగి పలకకూ రేకుకూ నడుమ ఒక కెపాసిటరు, రేకుకూ రెండవ రాగి పలకకూ నడుమ మరొక కెపాసిటరు. రెండూ శ్రేణిలో ఉంటవి. మొదటి పలకకు స్పందం పంపి, రెండవ పలక దగ్గర అది ఎంత వచ్చినదో చూస్తే చాలును. రాగిమీద పూసిన పలుచని లక్క వంటి పూతయే రోధకం. లోహాన్ని లోహం ఎన్నడూ తాకదు. ఎగిరి పడడమూ లేదు, మసిబారితే భయమూ లేదు.

లెక్క వేసి చూస్తే దీని కిటుకు బోధపడుతుంది. ఒక్కొక్క రాగి పలక వైశాల్యం 0.3 చదరపు సెంటీమీటర్లు అనీ, మీట నొక్కనప్పుడు రేకు 3 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నదనీ అనుకొందాం. నడుమ ఉన్నది గాలి. ఒక్కొక్క కెపాసిటరు విలువ సుమారు 0.09 పికోఫారడ్, శ్రేణిలో రెండూ కలిస్తే అందులో సగం, అంటే సుమారు 0.045. ఇప్పుడు మీట నొక్కితే రేకు అట్టకు హత్తుకొన్నది. నడుమ మిగిలినది 0.05 మిల్లీమీటరు మందంగల పూత. దాని సాపేక్ష పర్మిటివిటీ 3 అనుకొంటే ఒక్కొక్క కెపాసిటరు 16 పికోఫారడ్లు, రెండూ కలిసి 8. అంటే 180 రెట్లు పెరిగినది! ఇంత భేదాన్ని గుర్తించడానికి గొప్ప వలయాలు అక్కరలేదు.

రేకు హత్తుకొన్నప్పటి సంగతి ఇది. అది హత్తుకోక అర మిల్లీమీటరు ఎత్తున ఆగిపోయినదని అనుకొందాం. కంటికి రేకు అట్టను తాకినట్లే కనబడవచ్చును. కాని లెక్క చూస్తే కెపాసిటీ 8 నుంచి పావు పికోఫారడుకు పడిపోతుంది. ముప్పయవ వంతుకూడ మిగలలేదు. అట్ట మీద పక్కపక్కగా పోయే రాగి గీతల మధ్యకూడ ఇటువంటి చిన్న కెపాసిటీలు అప్రయత్నంగా ఏర్పడి ఉంటవి. అసలు సంకేతం ఆ సందడిలో మునిగిపోతుంది. కాబట్టి రేకు అట్టకు 'దగ్గరగా' రావడం చాలదు, ముడతలేకుండా, గాలి చిక్కుకోకుండా, తపాలాబిళ్ళవలె అంటుకోవాలి.

ఈ పనికే స్పాంజి వచ్చినది. మీట క్రిందికి దిగే కడ్డీ కొసన ఒక చిన్న ప్లాస్టిక్ పట్టు, దానికి అంటించిన సుమారు 5 మిల్లీమీటర్ల స్పాంజి బిళ్ళ, స్పాంజి అడుగున అల్యూమినియం పూసిన పాలియెస్టర్ పొర. చిరుతిండ్ల పొట్లాల లోపలి మెరుపు ఎరిగినవారికి ఈ పొర ఎట్లా ఉంటుందో తెలుసును. మీటను పైకి లేపడానికి వేరే స్ప్రింగు ఉన్నది. మరి స్పాంజి చేసేదేమిటి? రేకు అట్టను తాకిన తరువాత కూడ వ్రేలు ఇంకొంత దూరం క్రిందికి పోతుంది. ఆ పోవడాన్ని స్పాంజి తాను నలిగి ఇముడ్చుకొంటుంది. అట్ట కాస్త వంగి ఉన్నా, ఒక మీట మరొక మీటకన్న వెంట్రుకవాసి పొట్టిగా ఉన్నా సర్దుకొంటుంది. నలిగిన స్పాంజి రేకును వెనుకనుంచి అన్నివైపులా సమంగా అదిమి పెడుతుంది. వ్రేలు తీయగానే మళ్ళీ పొంగి తన అసలు మందానికి వస్తుంది. రాకపోతే తరువాతి నొక్కుడుకు రేకు అట్టను చేరదు. గడియారపు స్ప్రింగు, దిండు, సానపట్టిన సమతలం - ఇన్ని చేయవలసిన పనిని పైసల ఖరీదు చేసే ముక్క చేసినది. తయారీ తెలిసినవారు దీనిని మెచ్చుకోకుండా ఉండలేరు.

ఈ రకపు కీబోర్డులను పెద్దయెత్తున తయారుచేసి ప్రసిద్ధికెక్కినది కీట్రానిక్ కంపెనీ. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ నగరంలో 1969లో అది ఏర్పడినది. కంప్యూటర్లు చేసేవారందరూ కీబోర్డులు తామే చేసికొనరు. బయటివారి దగ్గర కొని తమ పేరు వేసికొంటారు. అందువల్ల ఒకరితో ఒకరు పోటీపడే యంత్రాల లోపల ఒకే కంపెనీ మీటలు ఉండేవి. 1976లో లీ ఫెల్సెన్‌స్టీన్ రూపొందించగా ప్రాసెసర్ టెక్నాలజీ అనే కంపెనీ అమ్మిన 'సోల్-20' చూడండి. కీబోర్డు యంత్రపు పెట్టెలోనే ఇమిడి, ఇరుపక్కల వాల్‌నట్ చెక్కలతో ముచ్చటగా ఉండే ఆ కంప్యూటరులో స్పాంజి బిళ్ళలే. 1982 నవంబరులో ప్రకటించిన కాంపాక్ వారి 'పోర్టబుల్' చూడండి. కుట్టుమిషను పెట్టెవలె పిడి పట్టుకొని మోసికొనిపోవలసిన ఆ యంత్రపు బరువు ఇంచుమించు 12.7 కిలోలు, 'పోర్టబుల్' అన్న పేరు పెట్టినవారి భుజబలం మెచ్చదగినది! ఐ.బి.ఎం. కంప్యూటరు ప్రోగ్రాములన్నీ దానిమీదా నడిచేవి. మొదటి సంవత్సరంలోనే 53,000 యంత్రాలు అమ్ముడైనవి. దాని మూతయే కీబోర్డు, ఆ మీటల క్రింద మళ్ళీ స్పాంజి బిళ్ళలే. లీసా సంగతి మొదటనే చెప్పినాము.

ఆ కాలపు తయారీదారులను ఇందుకు తప్పుపట్టడం న్యాయం కాదు. అయిదేండ్లకో, పదేండ్లకో కొత్త యంత్రం కొనేవారికోసం వారు కీబోర్డులు చేశారు. ఆ గడువును స్పాంజి సునాయాసంగా దాటినది. లక్షలసార్లు నలిగినా అది అలసిపోలేదు. దాని చావు నొక్కుడువల్ల రాలేదు. అసలు నొక్కకుండా, పెట్టెలో భద్రంగా దాచిన కీబోర్డులు కూడ అట్లాగే చెడినవి. కారణం ఆ పదార్థపు పుట్టుకలోనే ఉన్నది.

ఈ స్పాంజి పాలియురేథేను అనే పదార్థంతో చేసినది. 1937లో జర్మనీలోని లెవర్‌కూసెన్ నగరంలో ఐ.జి. ఫార్బెన్ సంస్థకు చెందిన ఓటో బేయర్, ఆయన సహచరులు దీనిని కనుగొన్నారు. (బేయర్ మందుల కంపెనీ స్థాపకుడికీ ఈయనకూ ఇంటిపేరు కలిసినదే కాని చుట్టరికం లేదు.) ఐసోసయనేట్లు అనే రసాయనాలను, ఒకే అణువులో రెండు మూడు ఆల్కహాలు సమూహాలుగల పదార్థాలతో కలిపితే అణువులు చేయి చేయి పట్టుకొన్నట్లు కూడి పొడుగాటి గొలుసులు, అంటే బృహదణువులు, ఏర్పడుతవి. నురుగు మాత్రం అనుకోకుండా వచ్చినది. మిశ్రమంలో కొంచెం తేమ ఉంటే ఐసోసయనేటు నీటితో కలిసి బొగ్గుపులుసు గాలి, అంటే కార్బన్ డయాక్సైడు, విడుదలవుతుంది. గట్టిపడబోతున్న ముద్దలో ఆ గాలి బుడగలుగా చిక్కుకొంటుంది. ఇడ్లీపిండి పొంగడానికీ దీనికీ పోలిక ఉన్నది. అక్కడ గాలిని పుట్టించేవి సూక్ష్మజీవులు, ఇక్కడ నీరు. బుడగలు నిండిన మొదటి నమూనాలను చూచినవారు, ఇవి జున్ను నకళ్ళు చేయడానికి తప్ప దేనికీ పనికిరావని పరిహసించారని ప్రసిద్ధి. ఆ 'పనికిరాని' నురుగే యుద్ధానంతరం పరుపులకు, కారు సీట్లకు, పాదరక్షలకు, చివరకు కంప్యూటరు మీటలకు చేరినది.

నురుగును పుట్టించిన నీరే దానిని చంపుతుంది. గొలుసులో వాడిన ఆల్కహాలు పదార్థం పాలియెస్టర్ జాతిదైతే, ఎస్టర్ బంధాలను గాలిలోని తేమ మెల్లగా తెంపుతుంది. దీనినే జలవిశ్లేషణ అంటారు. తెగిన ప్రతి బంధం దగ్గర ఒక ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం తరువాతి బంధాల తెగుదలను త్వరపరుస్తుంది. అందుచేత మొదటి పదేండ్లు ఏ మార్పూ కనబడదు. తరువాత చూస్తూ ఉండగానే బంకగానో పొడిగానో మారిపోతుంది. ఆల్కహాలు పదార్థం పాలియీథర్ జాతిదైతే నీటిని తట్టుకొంటుంది కాని వెలుతురు, ఆక్సిజను దానిని పెళుసుగా చేస్తవి. దట్టమైన ముద్దకన్న నురుగుకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నురుగులో గోడలన్నీ పలుచన, గాలి తగిలే వైశాల్యం అపారం.

ఇది చూడడానికి పాత కంప్యూటరు దొరకనక్కరలేదు. అటకమీద కొన్నేండ్లు దాచిన బూట్లను ఒకనాడు తొడుగుకొని నాలుగు అడుగులు వేయగానే అడుగుభాగం ముక్కలుముక్కలుగా ఊడిరావడం చాలమంది ఎరిగినదే. కోస్తా జిల్లాల ఉక్కపోతలో ఇది మరింత త్వరగా జరుగుతుంది. అది చవకరకం బూటు అని దుకాణదారును తిట్టుకొంటారు కాని, అక్కడ జరిగినది చాలవరకు ఈ జలవిశ్లేషణయే. పాత లౌడ్‌స్పీకర్ల అంచున ఉండే స్పాంజి పట్టీ రాలిపోవడమూ ఇటువంటిదే. యూరప్, అమెరికా మ్యూజియములలో 1960 దశకంనాటి స్పాంజి కుర్చీలను, బొమ్మలను కాపాడడం ఎట్లాగని రసాయనికులు తలలు పట్టుకొంటున్నారు. రాతి శిల్పం వేయి సంవత్సరాలు నిలుస్తుంది, స్పాంజి శిల్పం నలభై ఏండ్లకే పిండి అవుతుంది.

కీబోర్డు లోపల స్పాంజి రెండు విధాలుగా చెడుతుంది. కొన్నిటిలో పొడి అయి, రేకు విడిపోయి అట్టమీద పడి ఉంటుంది. అప్పుడు ఆ మీట ఎల్లప్పుడూ నొక్కినట్లే కనబడవచ్చును. ఎక్కువవాటిలో స్పాంజి ఆకారం చెడకుండానే పొంగే గుణం పోతుంది. నలిగినది నలిగినట్లే ఉండి, రేకు అర మిల్లీమీటరు దూరాన ఆగిపోతుంది. పైన వేసిన లెక్కలో పావు పికోఫారడు ఇదే.

స్పాంజి చెడినదా, వలయం చెడినదా అని తెలిసికోవడానికి మరమ్మతు చేసేవారు చేసే పరీక్ష ఒకటి చెప్పదగినది. కీబోర్డు అడుగున ఉన్న అనేకమైన చిన్న మరలు విప్పి, రాగి పలకల అట్టను మీటలనుంచి వేరుచేస్తారు. అట్టను యంత్రానికి తగిలించే ఉంచి, ఒక జత పలకలమీద వ్రేలిని అదిమిపెడతారు. తెరమీద అక్షరం పడుతుంది! మనిషి దేహం వాహకమే కాబట్టి రేకు చేయవలసిన పని వ్రేలి కొస చేసినదన్నమాట. అక్షరం పడితే వలయం క్షేమం, మార్చవలసినది బిళ్ళలు మాత్రమే.

ఈ బిళ్ళలు ఎక్కడ దొరుకుతవి? సోల్-20 అమ్మిన కంపెనీ 1979లోనే మూతపడినది. కాంపాక్ 2002లో మరొక కంపెనీలో కలిసిపోయినది. కీట్రానిక్ సంస్థ 1993లో హనీవెల్ వారి కీబోర్డు శాఖనుకూడ కొన్నది. కాని చౌక కీబోర్డుల పోటీలో ఆ వ్యాపారం తగ్గిపోగా క్రమంగా ఇతరులకోసం ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేసే సంస్థగా మారినది. నలభై ఏండ్లనాటి బిళ్ళ ఎవరి గిడ్డంగిలోనైనా దొరికినా లాభం లేదు. వాడని బిళ్ళకుకూడ వయస్సు అంతే గదా. పాత యంత్రాలకు పాత విడిభాగాలు వెదకడం అలవాటైనవారికి ఇక్కడ ఆ పద్ధతి పనికిరాదు. కొత్తగా చేయవలసిందే.

అందువల్ల ఔత్సాహికులే తయారీదారులైనారు. మొదట చేతికి దొరికిన సామానుతో మొదలుపెట్టారు. తలుపుసందులలో చలిగాలి రాకుండా అంటించే స్పాంజి పట్టీలు, ప్రమాదసమయాలలో కప్పుకొనే మెరుపు దుప్పట్లు, ఎలక్ట్రానిక్ భాగాలను చుట్టి పంపే వెండిరంగు సంచులు, చివరకు చిరుతిండ్ల పొట్లాలు. వీటిని గుండ్రని పంచితో కొట్టి, ఒకదానిమీద ఒకటి అంటించి బిళ్ళలు చేశారు. తరువాత కొందరు సరియైన మందంగల స్పాంజి, పాలియెస్టర్ పొర తెప్పించి, అచ్చులతో కోసి, ఒక కీబోర్డుకు సరిపడు పొట్లాలుగా అమ్మడం ప్రారంభించారు. పని తేలికగా కనబడుతుంది కాని తేలిక కాదు. స్పాంజి కాస్త మందమైతే నొక్కకముందే రేకు అట్టకు చేరువై, మీట తనంతట తానే అక్షరాలు కురిపిస్తుంది. పలుచనైతే అందదు. బిరుసైతే మీట బరువెక్కుతుంది; మరీ మెత్తనైతే రేకును సమంగా అదమదు. మెరుపు పూతగల ఏ పొరనైనా వాడవచ్చునని అనుకోవడమూ పొరపాటే. మెరిసేదంతా అల్యూమినియం కాదు. కేవలం మెరుపు రంగు వేసినవి వాహకాలు కావు. ఒకే మీట బాగుపడితే చాలదు. కీబోర్డులో ఎనభైకి పైగా మీటలు ఉన్నప్పుడు పాత జిగురును గీకడం, సారాయితో తుడవడం, కొత్త బిళ్ళను నొక్కిపెట్టడం ఎనభైసార్లూ ఒకే తీరున జరగాలి.

పాఠశాలలో ఈ సూత్రాన్ని పెద్ద కొలతలో చూపవచ్చును. పది సెంటీమీటర్ల చదరపు వంటింటి అల్యూమినియం రేకులు రెండింటిని వ్రేలెడు ఎడంతో అట్టమీద అంటించి, వాటిపై పలుచని పాలిథీన్ కాగితం పరచాలి. రెండిటినీ కప్పగల మూడవ రేకును వంటపాత్రలు తోమే మెత్తని స్పాంజికి అంటించాలి. కెపాసిటీ కొలవగల మల్టీమీటరును మొదటి రెండు రేకులకు తగిలించి, స్పాంజిని పైన పెట్టి అదిమితే విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. పాలిథీన్ మందం 0.1 మిల్లీమీటరు అయితే లెక్క ప్రకారం ఇంచుమించు 1,000 పికోఫారడ్లు రావాలి. గాలి చిక్కుకోవడంవల్ల వచ్చేది అంతకన్న తక్కువే. ఇప్పుడు స్పాంజి తీసివేసి, అదే రేకును కొయ్యపలకకు అంటించి అదిమి చూడాలి. విలువ మరింత తగ్గడం గమనిస్తే స్పాంజి చేసే ఉపకారం ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది.

ఇదే కాలంలో ఐ.బి.ఎం. కంపెనీకూడ కెపాసిటీ సూత్రంతోనే మీటలు చేసినది. 1981లో వచ్చిన వారి పర్సనల్ కంప్యూటరు కీబోర్డులో 83 మీటలు. మీట నొక్కితే లోపలి స్ప్రింగు ఒక్కసారిగా పక్కకు వంగి, కార్బను కలిపిన ప్లాస్టిక్ రెక్కను రాగి పలకలపైకి వాల్చుతుంది. అందులోనూ ఒక స్పాంజి పొర ఉన్నది, అదీ నలభై ఏండ్లకు పొడి అవుతుంది. కాని అక్కడ స్పాంజి మీటల గొట్టాలను అట్టకు అదిమిపెట్టే దిండు మాత్రమే. పలకను పలకకు చేర్చే బాధ్యత దానిది కాదు. కనుక స్పాంజి చెడినా ఆ కీబోర్డు చాలసార్లు కుంటుతూ నడుస్తుంది. స్పాంజి-రేకు కీబోర్డు నడవదు. ఒకే పదార్థాన్ని ఇద్దరూ వాడారు. ఒకరు సంకేతపు దారికి పక్కన పెట్టారు, మరొకరు దారి మధ్యలో పెట్టారు. ఐ.బి.ఎం. మీట చాల ఖరీదైనదన్న మాటనుకూడ ఇక్కడ మరువరాదు. తరువాత వచ్చిన ప్లాస్టిక్ పొరల కీబోర్డులు రెంటికన్న చౌక అయి, రెంటినీ సంతనుంచి తోలివేసినవి.

కొత్త బిళ్ళలు చేసేవారి ముందు ఇప్పుడు ఒక ప్రశ్న నిలిచి ఉన్నది. మళ్ళీ పాలియురేథేనే వాడాలా? తలుపు పట్టీలకు వాడే కృత్రిమ రబ్బరు నురుగులలో కొన్ని తేమనూ గాలినీ ఇంతకన్న బాగా తట్టుకొంటవి. కాని అవి కొంచెం బిరుసు, మీటలో పాత మెత్తదనం రాదు. యంత్రం ఎట్లా ఉండేదో వ్రేళ్ళకు తెలియాలనేవారు పాలియురేథేనునే ఎంచుకొంటారు, ఇరవై ముప్పయి ఏండ్లకు మళ్ళీ మార్చవలసి వస్తుందని తెలిసే. యంత్రం ముందు పనిచేయాలనేవారు రబ్బరు నురుగును ఎంచుకొంటారు. ఏది వాడినా, వాడిన స్పాంజి రకం, దాని మందం, మార్చిన తేదీ ఒక చిన్న చీటీమీద వ్రాసి కీబోర్డు అడుగు రేకు లోపలివైపున అంటించడం మంచిది. తరువాత మరలు విప్పేవారు మొదట వెదికేది ఆ మూడు సంగతులే.